బావ ఒళ్ళో చెక్క

కంప్యూటరు ఉద్యోగం చేసే మనిషి ఒకడు ఇంట్లో ఉంటే చాలు, ఆ ఇంట్లో దేనికి జబ్బు చేసినా వైద్యం వాడే చెయ్యాలని లోకమంతా గట్టిగా నమ్మిన కాలం ఒకటి ఉండేది. మిక్సీ తిరగకపోయినా నన్నే పిలిచేవారు, గోడ గడియారం ఆగినా నన్నే పిలిచేవారు. పక్కింటి కాలింగ్ బెల్లు పిచ్చుకలాగా కూయడం మానేసి జలుబు చేసినట్టు గరగరలాడితే, "మా తమ్ముడు కంప్యూటర్లనే ఉన్నడు, వాడు చూస్తడు తీ" అని మా అక్క నన్నడక్కుండానే హామీ ఇచ్చేసేది. నేనున్నది కంప్యూటర్లలో గానీ బెల్లుల్లో కాదని చెప్పే ధైర్యం నాకు లేదు. (ఇప్పటికీ లేదు. మొన్ననే ఒక బంధువుల ఇంట్లో గీజరు చూసి వచ్చాను.) తొంభైల చివరి మాట ఇది. మాదాపూర్ బండరాళ్ళ మధ్య గుండ్రటి పెద్ద భవనం ఒకటి లేచి, దాన్ని చూడడానికి జనం ఆదివారంపూట పిల్లాపాపలతో స్కూటర్ల మీద వస్తున్న రోజులు. ఆ భవనానికి కూతవేటు దూరంలో, కింద సిమెంటు కొట్టు, పైన మూడు గదులు ఉన్న ఒక చిన్న కంపెనీలో నేను కొత్తగా చేరాను. ఎక్కడ పనిచేస్తున్నావని ఎవరైనా అడిగితే మాత్రం గుండ్రటి భవనం పేరు చెప్పి "దాని దగ్గరే" అనేవాణ్ణి. దగ్గరే కదా మరి.

ఉండడం మియాపూర్‌లో అక్కా బావల ఇంట్లో. అక్కడినుంచి కొండాపూర్ మీదుగా ఎర్రమట్టి తింటూ ఆఫీసుకు వెళ్ళి, సాయంత్రం అదే మట్టి తింటూ తిరిగొచ్చేవాణ్ణి. బావ జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో రెండో షిఫ్టు సూపర్‌వైజరు. మనిషి ఎంత ఉంటాడో గొంతు అంతకు రెండింతలు ఉండేది. యంత్రాల రొదలో అరిచి అరిచి అలవాటైపోయి, ఇంట్లో ఉప్పు అడిగినా మూడో అంతస్తువాళ్ళు తలుపు తీసి చూసేవారు. అటువంటి మనిషి, బరువైన పీపాను నడుంమీద భారం పడకుండా ఎట్లా ఎత్తాలో కొత్తగా చేరిన వాళ్ళందరినీ నిలబెట్టి స్వయంగా ఎత్తి చూపిస్తూ, నడుం పట్టేసుకుని అక్కడే కూలబడ్డాడు. నలుగురు మోసుకొచ్చి ఇంట్లో దించారు. వెన్నులో డిస్కు జరిగిందనీ, పరుపు కింద గట్టి చెక్క వేసుకుని పడుకోవాలనీ, వీపు వెనక దిండ్లు పెట్టుకుని కాస్త ఆనుకోవచ్చు గానీ కుర్చీ జోలికి పోవద్దనీ డాక్టరు చెప్పాడు. బావ హాల్లో దివాను మీద పడ్డాడు. ఆ రోజునుంచి మా ఇంట్లో శాంతి అనేది లేదు.

పనిలేని సూపర్‌వైజరును ఇంట్లో పెట్టుకోవడం ఎంత కష్టమో పెట్టుకున్నవాళ్ళకే తెలుస్తుంది. దివాను మీద పడుకుని కనబడినంత మేరా మా ఇంటిని పర్యవేక్షించడం మొదలుపెట్టాడు. అక్క కూరగాయలు తరుగుతుంటే ముక్కలు ఒక్క సైజులో లేవనేవాడు. నేను స్నానానికి వెళ్తే ఎంతసేపు పట్టిందో చెప్పేవాడు. నాలుగోనాడు అక్క నన్ను వంటింట్లోకి లాగి, "తమ్మీ, నీ కాళ్ళు మొక్కుత, మీ బావకు ఏదన్న పని పెట్టురా. లేకపోతే నేను అమ్మోళ్ళింటికి పోత" అంది. నా దగ్గర ఒక కంప్యూటరు ఉండేది. సికింద్రాబాద్‌లో విడిభాగాలు కొని, ఒక్కొక్కటీ తెచ్చి అతికించుకున్నది. అందులో ఒక ఆట ఉండేది: మనకొక చిన్న ఊరు ఇస్తారు, అందులో వేలెడు మనుషులు ఉంటారు. మౌసుతో ఒక్కొక్కణ్ణీ పట్టుకుని నువ్వు కట్టెలు కొట్టు, నువ్వు బంగారం తవ్వు, నువ్వు గొర్రెలు చూసుకో అని పని చెప్పాలి. ఊరు బాగుపడ్డాక సైన్యాన్ని తయారుచేసి, మీదపడే శత్రువులను తరమాలి. ఇది చూపిస్తే బావకు కొంచెం కాలక్షేపం అవుతుందనుకున్నాను. నా జీవితంలో నేను చేసిన మేళ్ళలో నన్ను అంతగా ఏడిపించినది మరొకటి లేదు.

ఎందుకంటే బావ ఆటను చూసిన మరుక్షణం అది ఆట కాదని కనిపెట్టేశాడు. "అరే, గిది మన షాపు ఫ్లోరే గదరా!" అన్నాడు. షాపు ఫ్లోరంటే ఫ్యాక్టరీలో పని జరిగే చోటు. కాకపోతే కంప్యూటరు బల్లమీద ఉంది, బల్ల ముందు కుర్చీ ఉంది, కుర్చీ బావకు నిషేధం. దివానుకు ఎదురుగా ఉన్నది టీవీ. ఒక కార్డు తెచ్చి కంప్యూటర్లో బిగిస్తే బొమ్మ టీవీలో కూడా వస్తుందని మాటవరసకు అన్నాను. అనకుండా ఉండవలసింది. మర్నాటికల్లా కార్డు వచ్చింది, వైరు వచ్చింది, అక్క సాయంత్రం సీరియల్ పోయింది. ఇక మిగిలిన చిక్కు ఒక్కటే. పడుకున్న మనిషి కీబోర్డూ మౌసూ ఎక్కడ పెట్టుకోవాలి?

మొదట దిండు పెట్టాం. కీబోర్డు దిండులోకి దిగిపోయి, ఒక మీట నొక్కితే దాని చుట్టాలన్నీ దిగేవి. తర్వాత నా పరీక్షల అట్ట తీశాం. దాని మీద కీబోర్డు సరిగ్గా పట్టింది గానీ మౌసుకు జాగా లేదు. మౌసును దుప్పటి మీద తిప్పితే దుప్పటి కూడా దానితో పాటు బయలుదేరేది. అప్పుడు బావ నన్ను వంటింట్లోకి పంపి, అక్క చూడకుండా చపాతీ పీట తెప్పించాడు. మౌసు దానిమీద బ్రహ్మాండంగా తిరిగింది, రెండు రోజులు. మూడోరోజు కదలనంది. ఆ రోజుల మౌసుల పొట్టలో ఒక రబ్బరు గుండు ఉండేది, అది దొర్లితేనే తెరమీద బాణం కదిలేది. పొట్ట విప్పి చూస్తే గుండు చుట్టూ గోధుమపిండి, అక్క తడిచేత్తో తుడిచిన పీట కాబట్టి ముద్దకట్టి ఉంది. నేను అగ్గిపుల్లతో గోకుతుంటే అక్క వచ్చి నిలబడింది. ముందు నా చేతిలో మౌసును చూసింది, తర్వాత బావ తొడమీద పీటను చూసింది.

"నా పీట మీద ఎలుకను ఉరికిచ్చిన్రా ఇద్దరు కలిసి?"

"నిజం ఎలుక కాదు గదనే," అన్నాడు బావ.

"ఇగ మీకిద్దరికి పొద్దుమాపు అన్నమే. చపాతీ అన్నరో, చెప్త!"

పీట పోయాక అటకమీద నుంచి పాత అల్మారా తలుపు దించాం. వెడల్పు సరిపోయింది. కీబోర్డు, మౌసు, టీ గ్లాసు, ఉప్పుబఠాణీల పళ్ళెం, అన్నీ పట్టాయి. కానీ అది అసలు సిసలు టేకు. కాసేపటికి బావ కంగారుగా, "చిన్నోడా, జర నా కాళ్ళున్నయా చూడురా, నాకు ఎర్కైతలేదు" అన్నాడు. తలుపెత్తి చూపించాను. ఉన్నాయి. పరుపు కింద చెక్క, బావ మీద చెక్క, రెండు చెక్కల మధ్య మామిడి తాండ్ర ఆరబెట్టినట్టు ఉంది ఆయన వాలకం. సరిగ్గా ఆ సమయానికి కింది పోర్షన్‌లో ఉండే డ్రాయింగు మాస్టారు పరామర్శకు వచ్చారు. గోదావరి జిల్లాలో పిల్లలకు బొమ్మలు నేర్పి రిటైరై, కూతురి దగ్గర ఉండడానికి వచ్చిన పెద్దమనిషి. గీయడానికేమీ దొరక్క ఎంతకాలంగా మొహంవాచి ఉన్నారో గాని, తలుపును చూడగానే ఆయన కళ్ళు మెరిశాయి.

"ఇదేం పద్ధతండీ! మనిషికి పొట్టనేది ఒకటుంటుందండి. దాన్ని కాదని చెక్క చేస్తే ఎలా ఇముడుతుందండీ? పొట్ట దగ్గర అర్ధచంద్రంలా ఒక కోత పెట్టాలండి. చుట్టూ సన్నపట్టీ కొట్టించాలండి, సామాను జారిపోకుండా. కింద దూదిమెత్త ఒకటి. తేలికచెక్క మీద చేయించామంటే పువ్వులా ఉంటుందండి."

నాకు భయం వేసింది. బావకు మాత్రం ఎవరో వరమిచ్చినట్టయింది. మాస్టారు వెంటనే టేపు తెప్పించి కొలత మొదలుపెట్టారు. "ఊపిరి మామూలుగా వదలండి," అన్నారు. బావ మామూలుగానే ఉన్నానని తలాడించాడు గాని, టేపు చుట్టేసరికి కడుపు వీపుకు అంటిపోయింది. వంటింటి గుమ్మంలోనుంచి అక్క, "గంత సన్నగ పెండ్లినాడు గూడ లేవు గదయ్యా!" అంది. బావ జవాబు చెప్పలేదు, చెబితే ఊపిరి పోతుంది కదా. మాస్టారు ఆ కొలతే రాసుకుని, స్కేలూ పెన్సిలూ పెట్టి మూడు వైపుల నుంచీ బొమ్మ గీసి, నీడలు కూడా దిద్ది, వడ్రంగికి ఇచ్చారు. చెక్క వచ్చింది. నిజం చెప్పాలంటే ముచ్చటగా ఉంది. ఎడమవైపు కీబోర్డు, కుడివైపు మౌసుకు నున్నటి చోటు, వైర్లు దిగడానికి కంత, అంచున పట్టీ, అడుగున అక్క కుట్టిన దూదిమెత్త. అర్ధచంద్రం మాత్రం బావ ఊపిరి బిగబట్టుకుంటేనే ఎక్కేది. ఒకసారి ఎక్కాక వదిలితే గట్టిగా పట్టేసుకునేది, మూతబిగిసిన డబ్బాలాగా. తీయాలంటే నేను ఒకపక్క, అక్క ఒకపక్క పట్టుకుని లాగాలి. వడ్రంగి దగ్గర గీకించుకొస్తానంటే బావ ఒప్పుకోలేదు. "చెక్క మంచిగనే ఉంది. నేనే తగ్గుత," అన్నాడు. మంచంమీద పడుకుని ఉప్పుబఠాణీలు తినే మనిషి ఏ లెక్కన తగ్గుతాడో నేనడగలేదు.

అప్పట్నుంచీ నా సాయంత్రాలు ఎట్లా గడిచాయో చెప్పాలి. ఆఫీసులో నాకొక గండం ఉంది. కొత్తగా చేరినవాళ్ళందరికీ ఒక కొత్త కంప్యూటరు భాషలో పరీక్ష పెడతామనీ, గట్టెక్కినవాళ్ళను ఉంచుకుంటామనీ, తక్కినవాళ్ళు వేరేచోట ప్రయత్నించుకోవచ్చుననీ మా మేడం చాలా మర్యాదగా చెప్పింది. ఇంటికి వచ్చి సాధన చేద్దామంటే కంప్యూటరు బావది. సరే, పుస్తకమైనా చదువుకుందామని పక్కగదిలో కూర్చుంటే, తలుపు వేసుకున్నా సరే, "చిన్నోడా!" అని వినబడేది. వెళ్తే మౌసు కదలడంలేదు. పొట్ట విప్పితే ఈసారి పిండి కాదు, దుప్పటి నూగు. గోకి వచ్చి కూర్చుంటే, "చిన్నోడా!" వెళ్తే వైరు ఊడింది. అప్పటి కీబోర్డుల వైరు ఒకసారి ఊడితే మళ్ళీ గుచ్చినంత మాత్రాన పనిచేయదు, కంప్యూటరును ఆపి మొదటినుంచి తెరవాలి. అది తెరుచుకునేలోపు బావ, పోయిన తన ఊరిని తలచుకుని, ఊరు పోవడానికి నేనే కారణమన్నట్టు చూసేవాడు. నేను వచ్చి కూర్చుంటే, "చిన్నోడా, ఉరికి రా!" ఏ నిప్పు అంటుకుందోనని ఉరికితే, "గా మూలకున్నోడు మనోడా, పగోడా, జర చూసి చెప్పు." టీవీలో ఆ వేలెడు మనుషులు మసకగా చీమల్లా కనబడేవారు. నేను టీవీకి ముక్కు ఆనించి చూసి, "మనోడే బావా" అనేవాణ్ణి. "మరి మనోళ్ళను పొడుస్తుండేందిరా?" అనేవాడు. ఇంతలో హాలుకు అడ్డంగా పాకిన వైరు తగిలి అక్క తూలేది, ఆ ఊపుకు అది మళ్ళీ ఊడేది. ఇక అప్పుడు ఆ ఇంట్లో వినబడిన మాటలు రాయదగినవి కావు.

బావ ఆ బొమ్మ మనుషులకు పేర్లు కూడా పెట్టుకున్నాడు. అన్నీ రెండో షిఫ్టులో ఆయన కింద పనిచేసేవాళ్ళ పిలుపుపేర్లే. కట్టెలు కొట్టేవాడు మీసాలోడు, బంగారం తవ్వేవాడు పొట్టోడు, ఎప్పుడూ చెట్టు వెనక ఇరుక్కుపోయేవాడు సిగరెట్టోడు. గొర్రెలు కాసే బక్కపలచటివాడికి మాత్రం ఏకంగా తన మేనేజరు పేరు పెట్టి, వాణ్ణి ఊరి ఈ చివరినుంచి ఆ చివరిదాకా పనిలేకపోయినా పరుగెత్తించేవాడు. (అది చూస్తున్నప్పుడు బావ మొహంలో కనబడే ప్రశాంతత డాక్టరు మందులతో ఎప్పుడూ రాలేదు.)

ఇట్లా ఉండగా బావ పాత స్నేహితుడొకడు వచ్చి గుసగుసగా ఒక మాట చెప్పి పోయాడు. నడుంనొప్పి అని సెలవుపెట్టిన మనిషి ఇంట్లో టీవీ ముందు కూర్చుని ఆటలాడుతున్నాడని కంపెనీలో అనుకుంటున్నారట. రెండో షిఫ్టు మీద కన్నేసినవాడు ఎవడో ఆ మాటను మేనేజరు చెవిన కూడా వేశాడట. బావ నవ్వి కొట్టిపారేశాడు గాని, ఆ పూట బఠాణీలు ముట్టలేదు. అక్క వంటింట్లో గిన్నెలు తోమినవే మళ్ళీ తోమింది. ఆ ఉద్యోగం మీదే ఇల్లంతా నడుస్తోంది. నాదంటారా, అది ఉంటుందో ఊడుతుందో పరీక్ష అయితే గానీ తెలియదు.

ఆ వచ్చే ఆదివారం పొద్దున బావ యుద్ధంలో ఉన్నాడు. ఎండ ఎక్కిందని తలుపు బార్లా తీసి పెట్టాం. "ఓ మీసాలోడా! కట్టెలు కొట్టుమంటే గాడ నిలబడి ఏం జూస్తున్నవ్ర? షిఫ్టు ఇంక కాలే!" అని బావ అరుస్తున్నాడు. అప్పుడు నాకు గుమ్మంలో ఒక బక్కపలచటి మనిషి కనబడ్డాడు. చేతిలో బత్తాయిల సంచి, రొట్టె ప్యాకెట్టు. నేనెప్పుడూ ఆయన్ని చూడకపోయినా, బావ చేతులు కీబోర్డు మీద బిగుసుకుపోవడం చూసి ఎవరో అర్థమైంది: బావ మేనేజరు, వాళ్ళ పెద్దసారు. టీవీ ఆపుదామని ఉరికి వైరు కాలికి చుట్టుకుని దివాను పక్కన కూలబడ్డాను. చెక్క లాగేద్దామని అక్క పరుగెత్తుకొచ్చింది. అది బావ పొట్టను పట్టుకుని వదిలితేనా! పెద్దసారు చూస్తుండగా అక్క రెండుసార్లు లాగి, ఇక లాభంలేదని కొంగు సర్దుకుని నిలబడింది.

"కంగారు పడకండమ్మా," అన్నారు పెద్దసారు. "ఏవండీ, నడుం ఎలా ఉంది? ఇదేంటండీ ఒళ్ళో?"

బావకు జీవితంలో మొదటిసారి గొంతు రాలేదు. నాకెప్పుడూ వచ్చేది కాదు. ఆ ఆటకు రోజుకు పదిసార్లు శాపనార్థాలు పెట్టే మా అక్కే ముందుకు వచ్చింది.

"చేతులకు ఎక్సర్‌సైజు సార్. డాక్టర్ సాబే చెప్పిండు. వేళ్ళు కదిలిస్తుంటే నరాలు పనిచేస్తయట. లేకపోతే బిగుసుకుపోతయట."

"మరి ఆ టీవీలో మనుషులు?"

"అవి... మనసుకు సార్."

పెద్దసారు కుర్చీ లాక్కుని కూర్చుని చాలాసేపు తెరకేసి చూశారు. "ఇందాక మీసాలోడా అన్నారు. మన మీసాలోడేనా?" అన్నారు. బావ తల ఊపాడు. ఇక దాచి లాభం లేదనుకున్నాడో ఏమో, ఒక్కొక్కణ్ణీ చూపించడం మొదలుపెట్టాడు. పొట్టోడు చెబితే వింటాడు గాని ఒక పని అయ్యాక రెండోది చెప్పేదాకా నిలబడే ఉంటాడు. సిగరెట్టోణ్ణి ఎప్పుడూ కనుచూపులో పెట్టుకోవాలి. మీసాలోడికి పక్కన తోడుంటేనే పని సాగుతుంది. బొమ్మల సంగతి చెబుతున్నాడో, నిజం మనుషుల సంగతి చెబుతున్నాడో ఆయనకే తెలియదు. గొంతు మెల్లగా మామూలు స్థాయికి వచ్చేసింది. పెద్దసారు ముందుకు వంగి వింటున్నారు.

"మరి ఆ గొర్రెల దగ్గర సన్నగా ఉన్నాడు, వాడెవడండీ? పాపం తెగ పరుగెడుతున్నాడు."

అక్క గోడకేసి చూసింది.

"వాడా సార్," అన్నాడు బావ. "వాడు కాంట్రాక్టు లేబరు సార్."

పెద్దసారు నవ్వారు. తర్వాత కండువా లాంటి తువ్వాలుతో మొహం తుడుచుకుని, వచ్చిన సంగతి చెప్పారు. "మీ గురించి ఏవేవో అన్నారండి నాతోటి. చూసిపోదామని వచ్చాను. నిజం చెప్పొద్దూ, మీరు లేక అక్కడ రెండో షిఫ్టు చాలా గందరగోళంగా ఉందండి. కానీ ఎన్నాళ్ళని ఖాళీగా ఉంచనండీ? నెలాఖరుకు కుర్చీలో కూర్చుని పనిచేయగలరని డాక్టరు రాసిస్తే ఆ షిఫ్టు మీదే. లేదంటే నా చేతుల్లో కూడా ఏమీ ఉండదండి." వెళ్ళేముందు ఒకసారి మౌసు పట్టుకుని గొర్రెలవాణ్ణి తనే కొంచెం పరుగెత్తించి మరీ వెళ్ళారు.

ఆయన మెట్లు దిగగానే బావ, "చెక్క తియ్యిన్రి" అన్నాడు. తీశాం. గోడ పట్టుకుని వచ్చి కంప్యూటరు బల్ల ముందున్న కుర్చీలో కూర్చోబోయాడు. పూర్తిగా ఆనకముందే కెవ్వుమన్నాడు. ఇద్దరం పట్టుకుని దివాను మీదికి చేర్చాం. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆ తర్వాత డాక్టరు వచ్చి చూసి, వాపు తగ్గిందనీ, కొద్దికొద్దిగా కూర్చునే ప్రయత్నం చెయ్యమనీ చెప్పినా, కుర్చీ పేరెత్తితే చాలు మొహం పాలిపోయేది. "రేపు చూద్దాం తీ," అనేవాడు. రేపు మళ్ళీ చెక్క ఎక్కేది, అర్ధచంద్రం బిగిసేది, "చిన్నోడా!" మొదలయ్యేది. నొప్పికన్నా భయం ముదిరిపోయిందని అక్క నాతో చెప్పుకుని ఏడ్చింది. నాకు జాలి వేయలేదని కాదు. కానీ జాలిపడే తీరిక లేదు. నెలాఖరు బావకు ఎట్లాగో నా పరీక్ష నాకు అట్లాగే ముంచుకొస్తోంది.

పరీక్ష రేపనగా, సాయంత్రం నేను కంప్యూటరు బల్ల దగ్గరే కూర్చున్నాను. తెరమీద బావ ఊరే కనబడుతోంది గాని, కనీసం కుర్చీ అయినా నాది కదా అని పుస్తకం తెరిచి పెట్టుకున్నాను. అంతలో కరెంటు ఒక్కసారి ఎక్కువై, లైట్లు భగ్గుమని, టీవీలోనుంచి చిటుక్కుమని చప్పుడు వచ్చింది. బొమ్మ మధ్యలో ఒక చుక్కగా ముడుచుకుపోయి, ఆ చుక్క కూడా ఆరిపోయింది. స్టెబిలైజరు ఉండబట్టి కంప్యూటరు మాత్రం బతికింది. దాని తెరమీద ఊరు, ఊరి వాకిట్లో శత్రువుల గుంపు, అన్నీ అట్లాగే ఉన్నాయి.

"చిన్నోడా, కొడ్తున్రురా మనోళ్ళను! ఏడ కొడ్తున్రు? కుడిదిక్కా, ఎడమదిక్కా?"

"నాకు పరీక్ష ఉంది బావా!"

"ఎడమదిక్కా అంటే పరీక్ష అంటవేందిరా!"

ఎవరూ లాగకుండా ఆ చెక్క ఎట్లా ఊడిందో నాకిప్పటికీ తెలియదు. దబ్బున నేలమీద పడ్డ చప్పుడు వినబడింది. మరుక్షణం బావ నా వెనక ఉన్నాడు. చేతిలో కీబోర్డు, మెడలో మౌసు వైరు. "జరుగురా," అని నా భుజం పట్టి పక్కకు నెట్టి, కూర్చుని, కీబోర్డు నా పుస్తకం మీదే పెట్టేశాడు. నాకు మొదట వచ్చింది కోపమే. కంప్యూటరు పోయింది, నిద్ర పోయింది, చివరికి పరీక్ష ముందురోజు కుర్చీ కూడా పోయిందా అని గుడ్లలో నీళ్ళు తిరిగాయి. పుస్తకం లాక్కుందామని చెయ్యి చాపాను. అప్పుడు అక్క కనబడింది. టీవీ ఏమైందోనని వంటింట్లోంచి వచ్చి, గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్ళు పెద్దవి చేసి నాకేసి చూసి, నోటిమీద వేలు పెట్టుకుంది.

అప్పుడుగాని నాకు వెలగలేదు. బావ కుర్చీలో కూర్చున్నాడు.

మేమిద్దరం కదల్లేదు. బావ మీసాలోణ్ణి తిడుతున్నాడు, పొట్టోణ్ణి మెచ్చుకుంటున్నాడు, ముందుకు వంగుతున్నాడు, వెనక్కి ఆనుతున్నాడు. ఒకసారి ఉత్సాహం పట్టలేక కుర్చీలో ఎగిరి కూడా పడ్డాడు. అక్క చీర చెంగు నోట్లో కుక్కుకుంది. పొయ్యిమీద పాలు పొంగి వాసన వస్తున్నా పోలేదు. ఎంతసేపటికో శత్రువులు పారిపోయారు. బావ చేతులు దులుపుకుని మా వైపు తిరిగాడు.

"ఏంది, ఇద్దరు గట్ల దయ్యాన్ని చూసినట్టు చూస్తున్రు?"

"ఏం లేదు," అంది అక్క. "గెల్చినవా?"

"గెల్చిన."

అప్పుడు తన చేతికింద ఏముందో తడిమి చూసుకున్నాడు. కుర్చీ చెయ్యి. ఇంకోవైపు తడిమాడు, అటూ అదే. తర్వాత లేస్తూ చాలా నెమ్మదిగా, అంత నెమ్మదిగా ఆయన మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు, "నీకు రేపు పరీక్ష అన్నవ్ గదరా. కూసో ఇగ, చదువుకో," అన్నాడు.

నేను చదివింది తక్కువే. అయినా గట్టెక్కాను, అంచుమీద. (కాగితం ఇస్తూ మేడం, "ఇంట్లో ప్రాక్టీస్ చేసే వీలు లేదా?" అని అడిగింది.) నెలాఖరుకు డాక్టరు రాసిచ్చాడు. బావ మొదట కొన్నాళ్ళు తేలికైన పగటి షిఫ్టుకు వెళ్ళాడు. ఆయన వెళ్ళిన మొదటిరోజు నేను త్వరగా ఇంటికొచ్చాను. ఇల్లంతా చప్పుడు లేదు. కంప్యూటరు నాది, కుర్చీ నాది. ఇన్నాళ్ళూ ఎదురుచూసిన భాగ్యం కళ్ళముందు పరచుకుని ఉంటే, ఏం చెయ్యాలో తోచక ఊరికే ఆ ఆట తెరిచాను. బావ చివరిసారి దాచిపెట్టుకున్న ఊరు ఎట్లా వదిలాడో అట్లాగే ఉంది. అందరూ ఎక్కడి పనిలో అక్కడ ఉన్నారు. ఒక్కడు మాత్రం ఒక ఇంటి పక్కన నీడలో ఒంటరిగా నిలబడి ఉన్నాడు. చేతిలో గొడ్డలి లేదు, పార లేదు. ఎంత పాతవాడో తెలియదు గాని వాడిచేత ఎప్పుడూ ఏ పనీ చేయించినట్టు లేదు.

సాయంత్రం బావ వచ్చాక, కాళ్ళు కడుక్కుంటుంటే అడిగాను. "బావా, గా ఇంటి పక్కన నిలబడ్డోడు ఎవడు? వానికి పనెందుకు చెప్పలే?"

"వాడా? వాడు నువ్వేరా," అన్నాడు, తువ్వాలు అందుకుంటూ. "పరీక్ష ఉందంటివి గదా. చదువుకోనీ అని వానికి ఏ పని పెట్టలే."

ఆ మాట విని అప్పుడు నేను కరిగిపోయానని రాస్తే బాగుంటుంది గాని, అది నిజం కాదు. ఒళ్ళు మండిపోయింది. బొమ్మ చిన్నోడికి నెలరోజుల సెలవిచ్చి, అసలు చిన్నోణ్ణి నిలబడనీయకుండా పరుగెత్తించిన మనిషిని ఏమనాలి? ఆ సెలవేదో నాకే ఇచ్చి, కావాలంటే ఆ బొమ్మచేత మౌసు గోకించుకోవచ్చు కదా! అదే మాట మొహమ్మీద అనేసి, తలుపు దభీమని వేసుకుని పుస్తకం ముందు కూర్చున్నాను. అయిపోయిన పరీక్ష పుస్తకం అది. ఆ తలుపు వెనక మూతి బిగించుకుని కూర్చున్న ఆ కుర్రాణ్ణి ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. లేచి వెళ్ళి తలుపు తియ్యరా, ఆయన పక్కన కాసేపు కూర్చోరా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినేవాడు కాడు లెండి. ఆ వయసులో నాకంత తీరిక ఎక్కడిది!